పిల్లలకు జాతుల వారీగా వేరే గ్రాడ్యుయేషన్ వేడుకలు: మీరైతే పంపిస్తారా?

ఎడిసన్_నాన్న
ఏప్రిల్ 20, 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఒక విషయంలో మీ సలహా కావాలి.

మా పెద్దమ్మాయి ఇక్కడ అమెరికాలో మే నెలలో డిగ్రీ పూర్తి చేస్తోంది. కాలేజీ నుంచి మెయిల్ వచ్చింది. స్టేడియంలో జరిగే పెద్ద గ్రాడ్యుయేషన్ తేదీ, పార్కింగ్ వివరాలు అయ్యాక కింద ఒక పట్టిక ఉంది. నల్లజాతి విద్యార్థుల వేడుక ఒక రోజు, లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) విద్యార్థులది ఇంకో రోజు, ఆసియా విద్యార్థులది మరో రోజు. మా అమ్మాయి మాతో ఒక్క మాట అనకుండా ఆసియా వాళ్ల వేడుకకు పేరు ఇచ్చేసి, నాలుగు టికెట్లు కూడా తీసుకుంది.

నాకు మాత్రం మనసు ఒప్పడం లేదు. మాది పల్నాడు. చిన్నప్పుడు మా ఊరి టీ కొట్టులో చూరు కింద మేకులకు రెండు సత్తు గ్లాసులు తగిలించి ఉండేవి. అవి ఎవరివని అడిగితే మా నాన్న నా చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చాడు. తర్వాత తెలిసింది. ఆ గ్లాసుల్లో తాగినవాళ్లే వాటిని కడిగి మళ్లీ మేకుకు తగిలించాలట. పిల్లల్ని జాతి పేరుతో విడదీసి పిలిచిన ఈ మెయిల్ చదవగానే నాకు ఆ మేకులే గుర్తొచ్చాయి. నాలుగేళ్లు ఒకే క్లాసులో కూర్చున్న పిల్లలకు చివరి రోజున ఈ వేరు కుంపట్లు ఎందుకు? నేను తప్పుగా ఆలోచిస్తుంటే చెప్పండి.

---

హడ్సన్_గాలి
ఏప్రిల్ 20, రాత్రి 10:15

అన్నగారూ, ముందు ఒక్క విషయం. ఇవి పెద్ద గ్రాడ్యుయేషన్‌కు బదులుగా జరిగేవి కావు, అదనంగా జరిగేవి. స్టేడియంలో అందరితో పాటు మీ అమ్మాయి కూడా కూర్చుంటుంది. 2021లో కొలంబియా యూనివర్సిటీ మీద ఇదే గొడవ వచ్చింది. అక్కడ ఆరు వేడుకలు పెట్టారు. నల్లజాతి, లాటినో, ఆసియా, అమెరికా మూలవాసులవి నాలుగు. స్వలింగ, ట్రాన్స్ విద్యార్థులది ఒకటి. తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల నుంచి, ఇంట్లో మొదటిసారి కాలేజీకి వచ్చినవాళ్లది ఒకటి. గ్రాడ్యుయేషన్‌నే ముక్కలు చేశారని వార్తలు రావడంతో, ఇవి అదనపు వేడుకలే, ఇష్టమున్న ఏ విద్యార్థి అయినా రావచ్చు అని యూనివర్సిటీ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

---

కృష్ణా_తీరం
ఏప్రిల్ 20, రాత్రి 11:02

ఎడిసన్ అన్నగారితో నేను ఏకీభవిస్తున్నాను. 'ఇష్టమున్నవాళ్లే రండి' అన్నంత మాత్రాన తప్పు ఒప్పయిపోదు.

మెయిల్ ఎవరికి వెళ్తుందో చూడండి. కొన్నిచోట్ల అప్లికేషన్‌లో జాతి అనే గడిలో పెట్టిన టిక్కును బట్టి వెళ్తుంది. మా మరదలి భర్త తెల్లవాడు. వాళ్ల కొడుకు ఏ వేడుకకు వెళ్లాలి? తల్లి వైపు చూస్తే ఆసియా, తండ్రి వైపు చూస్తే ఏదీ లేదు. నిరుడు ఆ పిల్లాడు ఎక్కడికీ వెళ్లలేదు.

ఇదేదో ఒకటి రెండు కాలేజీల సంగతి కూడా కాదు. నేషనల్ అసోసియేషన్ ఆఫ్ స్కాలర్స్ అనే సంస్థ వాళ్లు 2019లో 173 కాలేజీలను పరిశీలిస్తే 72 శాతం చోట్ల ఇలాంటి వేడుకలు ఉన్నాయి. వాళ్లు వీటిని గట్టిగా వ్యతిరేకించేవాళ్లే, అది దాచను. కానీ లెక్క లెక్కే.

ఇంకో మాట. 2023 జూన్‌లో హార్వర్డ్ కేసులో సుప్రీంకోర్టు అడ్మిషన్లలో జాతిని చూడొద్దని తీర్పు ఇచ్చినప్పుడు మనవాళ్లు ఎంతమంది సంతోషించారు? లోపలికి వెళ్లేటప్పుడు జాతి చూడకూడదు గానీ బయటికి వచ్చేటప్పుడు చూడొచ్చా? ఎక్కడైనా ఒకే మాట మీద ఉండాలి.

---

లైబ్రరీ_మెట్లు
ఏప్రిల్ 21, ఉదయం 7:20

నేను ఒక కాలేజీ లైబ్రరీలో పదిహేనేళ్లుగా పనిచేస్తున్నాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

1958 మే నెల. ఆర్కన్సాస్ రాష్ట్రం లిటిల్ రాక్‌లో సెంట్రల్ హైస్కూల్ గ్రాడ్యుయేషన్. అంతకుముందు సెప్టెంబరులో తొమ్మిది మంది నల్లజాతి పిల్లలు ఆ బడిలో అడుగుపెట్టడానికి సైన్యం కాపలా రావాల్సి వచ్చింది. వాళ్లలో సీనియర్ ఒక్కడే, ఎర్నెస్ట్ గ్రీన్. ఆ రోజు ఆరు వందల పైచిలుకు విద్యార్థుల్లో ఆయన ఒక్కడే నల్లవాడు. ప్రేక్షకుల్లో వాళ్ల కుటుంబంతో పాటు మార్టిన్ లూథర్ కింగ్ కూర్చున్నారు. ఒక్కొక్కరి పేరూ పిలుస్తుంటే చప్పట్లు మోగుతున్నాయి. గ్రీన్ పేరు పిలిచారు. అంతా నిశ్శబ్దం. ఆ సంగతి ఆయనే తర్వాత చెప్పుకున్నారు. ఆ మరుసటి విద్యా సంవత్సరం గవర్నర్ ఫాబస్ ఊళ్లోని హైస్కూళ్లనే మూయించేశాడు.

మనం ఇప్పుడు వేరే వేడుకలు అంటున్నవాటి వెనక ఆ నిశ్శబ్దం ఉంది. 1960ల చివర్లో తెల్లవాళ్ల యూనివర్సిటీల్లోకి నల్లజాతి పిల్లలు పెద్ద సంఖ్యలో రావడం మొదలైంది. ఆ తర్వాత కొన్ని చోట్ల వాళ్లు సొంతంగా వేడుక చేసుకోవడం మొదలుపెట్టారు. మన పేరు పిలిస్తే మనవాళ్లయినా చప్పట్లు కొడతారు అన్నదే అక్కడ ఆలోచన. స్వలింగ విద్యార్థుల 'లావెండర్ గ్రాడ్యుయేషన్' 1995లో మిషిగన్ యూనివర్సిటీలో మొదలైంది. మొదలుపెట్టిన రానీ శాన్లో అనే ఆవిడను సొంత బిడ్డల గ్రాడ్యుయేషన్లకే రానివ్వలేదు. ఆ బాధలోంచి పుట్టింది అది. మొదటి ఏడాది ముగ్గురే విద్యార్థులు.

కాబట్టి ఎడిసన్ అన్నగారూ, మీ ఊరి టీ కొట్టు బొమ్మ ఇక్కడ సరిగ్గా అతకదు. ఆ గ్లాసులు మేకుకు తగిలించింది కొట్టువాడు. ఈ వేడుకలు పెట్టుకున్నది గ్లాసు దొరకనివాళ్లు.

---

కృష్ణా_తీరం
ఏప్రిల్ 21, ఉదయం 8:05

మేడమ్, గ్రీన్ గారి సంగతి నాకు తెలియదు. చదివాక కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు. కానీ అది 1958. అక్కడి నుంచి 2025కి వచ్చాక కూడా అదే మందు వాడాలా అన్నదే నా ప్రశ్న. జార్జియాలో విల్కాక్స్ కౌంటీ అని ఉంది. అక్కడ హైస్కూల్ పిల్లల ప్రామ్ డాన్సు తెల్లవాళ్లకు ఒకటి, నల్లవాళ్లకు ఒకటి జరిగేది. ఎప్పటిదాకా అనుకుంటున్నారు? 2013 దాకా. నలుగురు అమ్మాయిలు, ఇద్దరు తెల్లవాళ్లు, ఇద్దరు నల్లవాళ్లు, పట్టుబట్టి చందాలు పోగుచేసి అందరికీ కలిపి ఒక ప్రామ్ పెట్టారు. ఆ పిల్లలు కలపడానికి అంత కష్టపడితే మనం విడగొట్టడం మామూలే అంటున్నాం. అది నన్ను బాధపెడుతోంది.

---

అట్లాంటా_అత్త
ఏప్రిల్ 21, మధ్యాహ్నం 12:30

తమ్ముడూ, ఆ విల్కాక్స్ కౌంటీ మాకు మూడు గంటల దూరం. ఆ వేరే ప్రామ్‌లు బడి పెట్టినవి కావు, తల్లిదండ్రులు సొంత డబ్బుతో పెట్టుకున్నవి. నల్లపిల్లలు తెల్లవాళ్ల డాన్సుకి వెళ్లే వీలే లేదు. తలుపు మూసి ఉందా, తీసి ఉందా, అది చూడాలి కదా.

మనం కార్తీక మాసంలో ఏం చేస్తాం చెప్పండి? వనభోజనాలు కులాల వారీగానే కదా. 'ఆత్మీయ సమ్మేళనం' అని ఫ్లెక్సీ కట్టి, ఇంటిపేర్లు చూసి వాట్సాప్‌లో పిలుస్తాం. ఇక్కడ పార్కులో కూడా అదే. ఒక్కరం కూడా తప్పు పట్టలేదు. నేనూ వెళ్లాను, వంకాయ కూర వండుకుని మరీ వెళ్లాను. ఇప్పుడు పిల్లల వేడుక దగ్గరికి వచ్చేసరికి మనకు సమానత్వం గుర్తొచ్చింది.

---

నిర్వాహకుడు
ఏప్రిల్ 21, మధ్యాహ్నం 1:10

ఒక సభ్యుడు నల్లజాతి వారి గురించి రాసిన వ్యాఖ్య తీసేశాం. ఆ మాట ఇక్కడ చెల్లదు. చర్చ బాగా సాగుతోంది, దయచేసి పాడు చేయవద్దు.

---

పాలమూరు_పోరడు
ఏప్రిల్ 21, రాత్రి 11:48

పొద్దున్నుంచి చదువుతున్నా. రాయాలా వద్దా అని ఆలోచించి ఇప్పుడు రాస్తున్నా.

ఎడిసన్ అన్నా, మీరు చూసిన ఆ రెండు గ్లాసుల్లాంటి వాటిలో మా తాత తాగాడు. మా ఊరి కొట్టులో గ్లాసు కాదు, కొబ్బరి చిప్ప. మీరు ఆ దృశ్యం మరచిపోలేదు అన్నందుకు మీ మీద గౌరవం పెరిగింది. కానీ మా తాతకు ఏ గ్లాసులో తాగాలో ఎంచుకునే వీలు లేదు. మీ అమ్మాయి ఎంచుకుంది.

అత్తమ్మా, వనభోజనాల పోలిక నాకు కొంచెం గుచ్చుకుంది. పొలాలు, పదవులు ఉన్నవాళ్లు ఒకచోట చేరితే అది బలం పెంచుకోవడం. ఏదీ లేనివాళ్లు ఒకచోట చేరితే అది ధైర్యం తెచ్చుకోవడం. రెండూ ఒకటి కావు.

నేను ఎమ్మెస్‌కు వచ్చినప్పుడు మొదటి వారంలోనే తెలుగు పార్టీలో ఒకాయన ఇంటిపేరు అడిగాడు. చెప్పాను. ఊరు అడిగాడు. చెప్పాను. 'ఊళ్లో ఏ వైపు' అని అడిగాడు. ఆ తర్వాత ఆ గ్రూపులో నాకు పిలుపులు తగ్గాయి. కాలిఫోర్నియాలోని కాల్ స్టేట్ యూనివర్సిటీ తన 23 క్యాంపస్‌లలో కుల వివక్షను నిషేధించింది 2022లో. నేను చదివినప్పుడు అలాంటివి ఏవీ లేవు.

నా రూమ్మేట్ అలబామా నుంచి వచ్చిన నల్లజాతి అబ్బాయి. గ్రాడ్యుయేషన్ వారం వాడి వేడుకకు నన్ను పిలిచాడు. నేను రావచ్చా అంటే, ఎందుకు రాకూడదు, నా మనిషివి కదా అన్నాడు. క్యాంపస్ చివర చిన్న ఆడిటోరియం. తలుపు దగ్గర ఎవరూ నన్ను ఏ జాతి అని అడగలేదు. వాళ్లకు ఒక ఆనవాయితీ ఉంది. ఘనా దేశంలో అశాంటే, ఎవే అనే జాతుల వాళ్లు నేసే కెంటే గుడ్డతో చేసిన కండువాను, విద్యార్థి తనకు కావలసిన మనిషి చేత మెడలో వేయించుకుంటాడు. వాడు వాళ్ల నాయనమ్మను పిలిచాడు. ఆమె కర్ర పట్టుకుని మెట్లెక్కడానికి చాలాసేపు పట్టింది. హాలంతా లేచి నిలబడింది. ఆమెకు చేతులు వణుకుతున్నాయి, వాడు ఆరడుగుల మనిషి, మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆమె కండువా వేసి, ముడతలు సరిచేసి, మళ్లీ సరిచేసి, వాడి చెంప మీద చెయ్యి పెట్టి ఏదో చెప్పింది. ఏం చెప్పిందని తర్వాత అడిగితే వాడు చెప్పలేదు.

మా అమ్మ ఆ రోజు మహబూబ్‌నగర్‌లో ఉంది, వీసా రాలేదు. నాకు మెడలో కండువా వేయడానికి ఆ హాల్లో మనిషి లేడు. బయటికి వచ్చి కారు పార్కింగ్‌లో ఏడ్చాను. రెండు రోజుల తర్వాత స్టేడియంలో ముప్పై వేల మంది మధ్య కూర్చున్నాను. వేడుక బాగానే జరిగింది. ఒక్క మాట కూడా గుర్తులేదు.

---

ఎడిసన్_నాన్న
ఏప్రిల్ 22, ఉదయం 6:30

తమ్ముడూ, నీకు చేతులెత్తి నమస్కారం. ఏం రాయాలో తెలియడం లేదు. మా అమ్మాయితో ఇంకోసారి మాట్లాడతాను.

---

చింతపండు_పులిహోర
ఏప్రిల్ 22, రాత్రి 8:55

అంకుల్, నేను నిరుడు ఇలాంటి వేడుకకు వెళ్లిన అమ్మాయిని. పిల్లల వైపు నుంచి చెప్తాను.

పెద్ద స్టేడియంలో అసలు పేర్లే పిలవరు. ఫలానా స్కూల్ వాళ్లు లేవండి అంటారు, అందరం లేస్తాం, డిగ్రీ ఇచ్చేశాం అంటారు, కూర్చుంటాం. డిపార్ట్‌మెంట్ వేడుకలో పిలుస్తారు. అక్కడ నా పేరు సగం పలికి ఆపేశారు. మా అమ్మమ్మ ఇరవై గంటలు ప్రయాణం చేసి వచ్చింది, పిలిచింది నన్నేనని ఆమెకు అర్థం కాలేదు. ఇది మన పేర్లకే కాదు. 2024 మేలో ఫిలడెల్ఫియాలోని థామస్ జెఫర్సన్ యూనివర్సిటీలో నర్సింగ్ విద్యార్థుల పేర్లు చదివినావిడ థామస్ అనే పేరు కూడా పలకలేకపోయింది. యూనివర్సిటీ క్షమాపణ చెప్పింది.

ఆసియా విద్యార్థుల వేడుకలో మైకు పట్టుకున్నది ఒక జూనియర్. అందరికీ ముందే ఫోన్ చేసి, పేరు మా చేత పలికించి రికార్డు చేసుకుంది. నా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా తప్పు లేకుండా పిలిచింది. అమ్మమ్మ లేచి నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

కృష్ణా తీరం అంకుల్ అన్నదాంట్లోనూ నిజం ఉంది. అక్కడ చైనా, కొరియా పిల్లలే ఎక్కువ. 'ఆసియా' అనే ఒక్క మాటలో మమ్మల్నందరినీ కుక్కేశారని నాకూ అనిపించింది. నా నల్లజాతి స్నేహితురాలు ఒకామె వాళ్ల వేడుకకు వెళ్లనే లేదు, నాకు అవసరం లేదు అంది. ఎవరూ ఏమీ అనలేదు.

---

కృష్ణా_తీరం
ఏప్రిల్ 23, ఉదయం 7:45

పాలమూరు తమ్ముడు రాసింది మా ఆవిడకు చదివి వినిపించాను. పులిహోర తల్లీ, నువ్వు చెప్పిందీ అర్థమైంది.

నా మాట కొంత మార్చుకుంటాను. పిల్లలు తమంతట తాము ఒకచోట చేరి పండగ చేసుకుంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు. అభ్యంతరం యాజమాన్యం మీద. కాలేజీ ఆఫీసు జాతుల పట్టిక రాసి, ఫీజు డబ్బుతో, ప్రభుత్వ నిధులతో నడపడం వేరు. 1964 పౌరహక్కుల చట్టం ఆరో అధ్యాయం చెప్పేది అదే, ప్రభుత్వ డబ్బు తీసుకునే చోట జాతిని బట్టి తేడా చూపకూడదు. తల్లిదండ్రులు, పూర్వ విద్యార్థులు డబ్బు వేసుకుని చేయనివ్వండి.

---

లైబ్రరీ_మెట్లు
ఏప్రిల్ 23, సాయంత్రం 5:10

హాలు, సౌండు, బీమా, అన్నీ డబ్బే. టెక్సస్‌లో 2024 జనవరి నుంచి కొత్త చట్టం వచ్చి ప్రభుత్వ యూనివర్సిటీలు ఇలాంటివి నడపడానికి వీల్లేకుండా పోయింది. ఆస్టిన్‌లో విద్యార్థులు, పూర్వ విద్యార్థులు చందాలు ఎత్తి సొంతంగా చేసుకున్నారు. చేసుకోగలిగారు, సంతోషమే. కానీ డాక్టర్లు, ఇంజినీర్లు వెనక ఉన్న గుంపుకు చందా పోగవడం ఒక ఎత్తు. క్యాంపస్ మొత్తం మీద పదిహేను మంది ఉండే మూలవాసీ పిల్లలకు ఇంకో ఎత్తు. గరుడ పక్షి ఈక టోపీకి పెట్టుకోవడానికే వాళ్లు కోర్టులకు వెళ్లాల్సి వచ్చింది. ఓక్లహోమాలో 2023లో గవర్నర్ కాదన్నా శాసనసభ పట్టుబట్టి ఆ హక్కు ఇచ్చింది.

---

ఎడిసన్_నాన్న
ఏప్రిల్ 30, రాత్రి 10:05

కొత్త సంగతి. మా అమ్మాయి కాలేజీ ఆ వేడుకలన్నీ రద్దు చేసింది. రెండు లైన్ల మెయిల్. ఫిబ్రవరి 14న కేంద్ర విద్యాశాఖ అన్ని కాలేజీలకూ లేఖ రాసింది కదా, అందులో గ్రాడ్యుయేషన్ వేడుకల పేరు ఎత్తి మరీ జాతి ప్రకారం చేయొద్దన్నారు. 14 రోజుల గడువు ఇచ్చారు, నిధులు ఆగుతాయన్నారు. ఏప్రిల్ 24న న్యూహాంప్‌షైర్, మేరీల్యాండ్ జడ్జీలు దానికి అడ్డు వేశారని చదివాను. అయినా కాలేజీలకు భయం. మొన్న 28న హార్వర్డ్ కూడా ఇక డబ్బు, సిబ్బంది, స్థలం ఏవీ ఇవ్వబోమని చెప్పేసింది.

పది రోజుల కిందట నేను కోరుకున్నది ఇదే. ఇప్పుడు జరిగింది. మా అమ్మాయి గది తలుపు వేసుకుని ఫోన్‌లో మాట్లాడుతోంది, గొంతు వినిపిస్తోంది. సంతోషంగా లేదు నాకు.

---

హడ్సన్_గాలి
ఏప్రిల్ 30, రాత్రి 10:40

అన్నగారూ, బయట హాలు తీసుకుని చేస్తారేమో అడగండి. నాకు తెలిసి చాలా చోట్ల అదే ఆలోచిస్తున్నారు.

---

ఎడిసన్_నాన్న
మే 18, రాత్రి 11:20

నిన్న అయింది. ఒక చర్చి వాళ్లు కింది హాలు ఇచ్చారు. నల్లజాతి పిల్లలు, ఆసియా పిల్లలు కలిసి మాట్లాడుకుని అదే హాలు మధ్యాహ్నం వాళ్లు, సాయంత్రం వీళ్లు వాడుకున్నారు. కుర్చీలు మడతపెట్టేవి, రెండు వందలు. మధ్యాహ్నం వేడుక అయ్యాక వాళ్ల నాన్నలు, మేము కలిసి తుడిచి సర్దాం. ఒకాయన నాతో పాటు బల్లలు మోశాడు, పోస్టాఫీసులో రిటైరయ్యాడట. వాళ్ల ఇంట్లో కాలేజీ గడప తొక్కింది ఆయన కొడుకే మొదట. మేం తెచ్చిన పులావు ట్రేలు రెండు వాళ్లకు ఇచ్చాం. వాళ్లు కార్న్ బ్రెడ్, చికెన్ మాకు వదిలి వెళ్లారు.

కాలేజీ ఆఫీసు జాతుల పట్టిక రాయడం నాకు ఇప్పటికీ నచ్చలేదు, ఆ విషయంలో కృష్ణా తీరం తమ్ముడి వైపే ఉన్నాను. కానీ రద్దు చేసిన తీరు అంతకన్నా నచ్చలేదు.

మా అమ్మాయి పేరు ఇంటిపేరుతో కలిపి పూర్తిగా పిలిచారు. నా పేరు, మా ఆవిడ పేరు కూడా పిలిచి వేదిక మీదికి రమ్మన్నారు. పాలమూరు తమ్ముడూ, కండువా నేనే వేశాను. మంగళగిరి చేనేత, మా అమ్మ ఊరి నుంచి పంపింది. వేసేటప్పుడు ముడత పడింది, రెండుసార్లు సరిచేయాల్సి వచ్చింది.

---

పాలమూరు_పోరడు
మే 18, రాత్రి 11:52

అన్నా, ఫొటో పెట్టండి.

---

కృష్ణా_తీరం
మే 19, ఉదయం 6:58

శుభాకాంక్షలు అన్నగారూ, అమ్మాయికి మా ఆశీస్సులు. హాలుకు, కుర్చీలకు మొత్తం ఎంతయింది? వచ్చే ఏడాదికి కూడా ఆ చర్చి వాళ్లు ఇస్తారా? మా వాడిది అప్పుడే. తల్లిదండ్రులు వేసుకోవాలని అన్నది నేనే కాబట్టి ముందు నా వంతు రాసుకోండి. మధ్యాహ్నం వేడుక పిల్లలది కూడా కలిపి చెప్పండి.